ఆ సుద్దగీత కూడా ఉండాల్సిందే!

కారు అడుగున రంగు సమంగా పడలేదు. అంచుల్లో వంగపండు రంగు తుంపర్లు, మధ్యలో ఉత్త ప్రైమర్. పై రంగు కూడా దగ్గరికెళ్లి చూస్తే నారింజ తొక్కలా సన్నటి గుంతలు గుంతలుగా ఉంది. ఇంజిన్ వెనకాల రేకు మీద ఎవరో సుద్దతో గీసిన అంకె. మన దగ్గర ఏ షెడ్డులోనైనా బండిని ఇలా చేసిస్తే యజమాని డబ్బులివ్వడు సరికదా, గొడవకు దిగుతాడు. అమెరికాలో మాత్రం ఇదంతా కావాలని, పాత ఫొటోలు ముందుపెట్టుకుని, ఏళ్ల తరబడి చేయించుకునేవాళ్లున్నారు. 1970లో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున కారు ఎలా ఉందో ఇప్పుడూ అచ్చం అలాగే ఉండాలట... అప్పటి లోపాలతో సహా!

ఆ కారు ప్లిమత్ బరాకుడా. దాన్లో జోరెక్కువున్న రకాన్ని ముద్దుగా 'కుడా' అంటారు. దానికి తోబుట్టువు లాంటిది డాడ్జ్ ఛాలెంజర్. రెండూ క్రైస్లర్ కంపెనీవే. మరీ పెద్దది కాని రెండు తలుపుల కారులో అతి పెద్ద ఇంజిను బిగించి, కుర్రాళ్లకు అందుబాటు ధరలో అమ్మడం... మజిల్ కారు కథంతా ఇంతే. 1964 నాటి పాంటియాక్ జీటీఓతో ఈ మోజు మొదలైందని చాలామంది లెక్క. కాలుష్య నిబంధనలు, బీమా కంపెనీల వడ్డింపులు, 1973 చమురు సంక్షోభం కలిసి పదేళ్లు తిరిగేసరికి దాన్ని ముగించాయి.

ఇంతకీ ఆ కార్లు పుట్టిందెక్కడ? అది చూడాలంటే డెట్రాయిట్ వెళ్లాలి.

ఊరి మధ్యలో ఊరు

డెట్రాయిట్ నది ఒడ్డు నుంచి వాయవ్యంగా, పాంటియాక్ ఊరి దాకా సుమారు 27 మైళ్లు సాగుతుంది వుడ్‌వర్డ్ అవెన్యూ. దాన్ని పట్టుకుని వెళ్తే హైలాండ్ పార్క్ వస్తుంది. హెన్రీ ఫోర్డ్ 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టింది ఇక్కడే. అక్కడి నుంచి తూర్పుకి తిరిగి, క్రైస్లర్ ఫ్రీవే దాటితే హామ్‌ట్రామిక్. రెండు చదరపు మైళ్ల చిన్న ఊరు. దాదాపు నాలుగు పక్కలా డెట్రాయిటే. అయినా దీనికి వేరే మేయరు, వేరే కౌన్సిలు! ఒకప్పుడు వీధివీధినా పోలిష్ మాటలే వినిపించేవి. తర్వాత బంగ్లాదేశ్, యెమెన్‌ల నుంచి వచ్చినవాళ్లు స్థిరపడ్డారు. పోలిష్ బేకరీలున్న జోసెఫ్ కాంపో వీధికి కాస్త దూరంలోనే బంగ్లా అక్షరాల బోర్డులూ కనిపిస్తాయి.

ఆ పోలిష్ జనం ఎక్కువగా ఇక్కడికి వచ్చింది ఒక ఫ్యాక్టరీ వల్ల. జాన్, హోరేస్ అనే డాడ్జ్ సోదరులు 1910లో పునాది వేశారు. 1928లో అది క్రైస్లర్ చేతికి వెళ్లింది. కాగితాల మీద పేరేదైనా, జనం నోట 'డాడ్జ్ మెయిన్'. అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన భవనాలు. పైఅంతస్తుల్లో తయారైన భాగాలు కిందికి దిగుతూ దిగుతూ కారుగా మారేవి. 1970 నుంచి 1974 దాకా వచ్చిన ఛాలెంజర్లు, బరాకుడాల్లో ఎక్కువభాగం ఇక్కడివే. ఛాసిస్ నంబరులో ఏడో గుర్తు 'బీ' అని ఉంటే ఆ కారు హామ్‌ట్రామిక్ బిడ్డ అని అర్థం.

అక్కడ పని సుఖమైనదేం కాదు. లైను వేగం పెంచేశారని 1968 మేలో కార్మికులు పని ఆపి బయటికొచ్చేశారు. సమ్మె చేసినవాళ్లలో తెల్లవాళ్లూ ఉన్నా వేటు ఎక్కువగా పడింది నల్లజాతివారి మీద. ఆ కోపంలోంచి పుట్టిందే 'డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్'. అటు యాజమాన్యాన్నీ, ఇటు పాత యూనియన్‌నీ నిలదీసిన సంఘమది. ఈ సంగతి తెలిస్తే కారు అడుగున రంగు ఎందుకు సగం సగం పడిందో వేరే చెప్పక్కర్లేదు. ముందు నుంచి బండి తోసుకొస్తోంది, వెనక నుంచి ఫోర్‌మన్ అరుస్తున్నాడు. కంటికి కనపడని చోట రంగు నునుపు చేస్తూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది?

సీటు కింద జాతకం

పాత కారును తిరిగి 'ఫ్యాక్టరీ కండిషన్'కి తేవడమంటే ముందు అది పుట్టినప్పుడు ఏమిటో తేల్చుకోవాలి. మన ఆర్సీ బుక్కులో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉన్నట్టే 1970 కుడా ఇంజిన్ దిమ్మె మీదా, గేర్‌బాక్సు మీదా ఛాసిస్ నంబరు చివరి అంకెలు గుద్ది ఉంటాయి. అవి కలిస్తే 'మ్యాచింగ్ నంబర్స్'. కలవకపోతే ఎంత అందంగా ఉన్నా ధర దిగిపోతుంది. బానెట్ ఎత్తితే ఎడమవైపు లోపలి రేకుకు చిన్న పలక కనిపిస్తుంది. దాని మీద అక్షరాలూ అంకెలూ. 'ఎఫ్‌సీ7' అంటే వంగపండు రంగు. దాన్నే డాడ్జ్‌లో 'ప్లమ్ క్రేజీ' అనీ, ప్లిమత్‌లో 'ఇన్ వయొలెట్' అనీ అమ్మారు. అప్పటి పేర్లలోనే ఓ చిలిపితనం!

అసలు జాతకం మాత్రం వేరే ఉంది. బ్రాడ్‌కాస్ట్ షీట్. ఏ కారుకి ఏ ఇంజిను, ఏ సీటు, ఏ అద్దం బిగించాలో లైనులో ఉన్నవాళ్లకు చెప్పే కాగితమది. పని అయిపోయాక దాన్ని సీటు స్ప్రింగుల్లోనో, పెట్రోలు ట్యాంకు మీదో వదిలేసేవాళ్లు. ఎలుకలు కొట్టగా, తుప్పు తినగా మిగిలిన ఆ కాగితం దొరికితే యజమాని పండగ చేసుకుంటాడు. తీరా చూస్తే ఒక్కోసారి అది పక్క కారుది! హడావుడిలో ఎవరో తప్పు బండిలో పడేసి ఉంటారు. పాంటియాక్, ఫోర్డ్ కార్లకైతే ఆ కాలపు ఫ్యాక్టరీ రికార్డుల నకళ్లు డబ్బులు కడితే దొరుకుతాయి. ఈ క్రైస్లర్ కార్ల వాళ్లకా వెసులుబాటు లేదు. కార్మికుడు పారేసిన కాగితమే దిక్కు.

తర్వాత విప్పడం. అసలు పనితనమంతా ఇక్కడే. తుప్పు గీకేసే ముందే ప్రతి అంగుళం ఫొటో తీస్తారు. యాభై ఏళ్ల గ్రీజు, మట్టి కింద స్ప్రింగు మీద ఓ రంగు చార, బోల్టు తల మీద పసుపు చుక్క, రేకు మీద మైనపు పెన్సిలు రాత బయటపడతాయి. చార చూసి ఇది ఈ మోడలుకి బిగించాల్సిన స్ప్రింగు అని దూరం నుంచే పోల్చుకునేవాళ్లు. చుక్క ఉంటే బోల్టు బిగించడం, తనిఖీ అయ్యాయని గుర్తు. పనిమంతులు వాటి మీద పల్చటి కాగితం పరిచి, రాత ఉన్నదున్నట్టు దింపుకుంటారు. శుభ్రం చేసి, రంగు వేశాక అదే చోట, అదే వంకరతో మళ్లీ రాస్తారు. ఎవరి చేతిరాతో తెలియదు, కానీ ఆ 'ఓకే'లోని 'ఓ' ఎడమకి వాలి ఉంటే ఇప్పుడూ వాలాల్సిందే.

ఇంజిను మీద, గాజు పలకల మీద, ఆల్టర్నేటరు మీద పోత తేదీలూ, తయారీ తేదీలూ ఉంటాయి. అవి కారు తయారైన రోజుకి కాస్త ముందువి అయి ఉండాలి. ఏప్రిల్‌లో తయారైన కారుకి జూన్ తేదీ గాజు ఉంటే పట్టుబడినట్టే! టైర్లు సరే, గుడ్‌ఇయర్ పాలీగ్లాస్‌కి నకళ్లు దొరుకుతున్నాయి. కుళ్లిన రేకులకు బదులు కొత్తవి తైవాన్ నుంచీ వస్తున్నాయి. చిత్రమేమిటంటే వాటిలో కొన్ని మరీ తిన్నగా ఉంటాయి. తలుపుకీ ఫెండరుకీ మధ్య సందు ఫ్యాక్టరీ నాటి కంటే బాగా కుదిరితే, దాన్ని మళ్లీ కొంచెం చెడగొట్టాలి.

ఇది పిచ్చి కాదా అంటే, కొంత పిచ్చే. కొంత డబ్బు కూడా. 426 క్యూబిక్ అంగుళాల హెమీ ఇంజిను, అంటే ఏడు లీటర్లది, 425 గుర్రాల శక్తి అని కంపెనీ చెప్పుకున్నది. 1970లో దీన్ని అదనంగా కోరుకుంటే సుమారు 870 డాలర్లు. కుర్రాళ్లకు మోయలేని ధర కావడంతో కొన్నవాళ్లు తక్కువ. అందుకే 1971 హెమీ కుడా కన్వర్టిబుళ్లు పదకొండే తయారయ్యాయి. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. అంత డబ్బు తిరిగే చోట దొంగ నంబర్లు గుద్దేవాళ్లూ ఉంటారు. సుద్దగీతల గురించి అంత పట్టింపు పెరగడానికి భయం కూడా ఒక కారణం.

కొందరు ఈ పనినే తప్పుపడతారు. కారు ఒకసారే కొత్తది అవుతుంది, చెరిపేసి మళ్లీ రాసిన గీత అసలు గీత ఎలా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న. రంగు వెలిసినా, సీటు చిరిగినా ముట్టుకోని కార్లకు 'సర్వైవర్' అని పేరుపెట్టి వేరే వరసలో నిలబెడుతున్నారు. వాళ్ల మాటలో బలముంది. పాత గుడి శిల్పాలకు ఎనామిల్ రంగులు పూయడం చూసిన మనకు ఆ బాధ కొత్త కాదు. అయితే అడుగంతా తుప్పు తినేసిన కారుకి ఆ అవకాశం ఎక్కడిది? ఉన్న గుర్తులైనా దింపుకోవడమే దాని భాగ్యం.

ఫ్యాక్టరీ లేదు, సమాధులున్నాయి

ఆ గుర్తులు పెట్టిన ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. 1980 జనవరిలో డాడ్జ్ మెయిన్ మూతపడింది, మరుసటి ఏడు కూల్చేశారు. ఆ స్థలం చాల్లేదని పక్కనున్న పోల్‌టౌన్ పేటలో నాలుగు వేల మందికి పైగా జనాన్ని లేపేసి, చర్చిని పడగొట్టి, జనరల్ మోటార్స్ కొత్త ప్లాంటుకి జాగా ఇచ్చారు. 1985లో అది మొదలైంది. 2020లో దానికి 'ఫ్యాక్టరీ జీరో' అని పేరు మార్చి, 2021లో అక్కడే విద్యుత్ హమ్మర్ల తయారీ మొదలుపెట్టారు. ఒక్కటి మాత్రం కదల్లేదు. బెత్ ఓలెం అనే పాత యూదుల శ్మశానం. డాడ్జ్ మెయిన్ కాలంలో దాని చుట్టూ పార్కింగ్ స్థలం ఉండేది, ఇప్పుడు ప్లాంటు ప్రహరీ లోపల ఉంది. ఏడాదికి రెండుసార్లు, యూదుల పండగలప్పుడు గేటు తీసి లోపలికి పంపుతారు.

ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్లకూ కొదవలేదు. వాళ్లింటికి ఎప్పుడైనా వెళ్తే ఆగస్టు మూడో శనివారానికి చూసుకుని వెళ్లండి. ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగేద్దామని 1995లో పెట్టిన 'వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్' ఆ రోజే. రాయల్ ఓక్, బర్మింగ్‌హామ్‌ల మీదుగా పాంటియాక్ దాకా రోడ్డంతా పాత కార్లే. పేవ్‌మెంటు మీద కుర్చీలేసుకుని జనం పొద్దున్నే చోటు పట్టేస్తారు. పక్కనున్న పార్కింగ్ స్థలాల్లో ఆగి ఉన్న కార్ల దగ్గరికి వెళ్లండి. బాగా పట్టింపున్న యజమాని కారు కింద అద్దాలు పరిచి ఉంచుతాడు. వంగి చూస్తే సగం పడిన రంగు, పసుపు చుక్క, సుద్దగీత అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. ఎందుకలా ఉన్నాయని అడిగితే గంటసేపు చెబుతాడు. చెయ్యి మాత్రం పెట్టకండి, సుద్ద చెరిగిపోతుంది.