హీరోకి ఎన్నేళ్ళు?

పిల్లల కోసం కథ రాద్దామని కూర్చుంటే అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది హీరోకి ఎన్నేళ్ళు అన్నది. పేరుదేముంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే సరి. వయసు అలా కాదు. అది డేటాబేస్ స్కీమా లాంటిది. సగం కోడ్ రాశాక మార్చారా, అంతా తిరగరాసుకోవాల్సిందే.

కొన్ని నెలలుగా రాత్రి కాల్స్ అయిపోయాక ఓ గంట కూర్చుని నేనొక పిల్లల నవల రాస్తున్నాను. కథ చిన్నదే. ఊరి చెరువులోకి రాత్రిపూట లారీల్లో మట్టి వస్తోంది. ఎవరో పూడ్చేస్తున్నారు. పెద్దవాళ్ళకి తెలుసు, కానీ ఎవరూ నోరు మెదపరు. ఒక పిల్ల మాత్రం ఊరుకోదు. మరి ఆ పిల్లకి ఎన్నేళ్ళు? ఖాయం చేసేముందు మూడు అంకెలు పెట్టి చూశాను.

మొదటిది ఎనిమిది. ఎనిమిదేళ్ళ పిల్లని చీకటిపడ్డాక చెరువుగట్టుకి ఒంటరిగా వెళ్ళనివ్వరు. కాబట్టి లారీల్ని చూసేది నాన్నో తాతయ్యో అవ్వాలి, పిల్ల వాళ్ళ చెయ్యి పట్టుకుని నుంచోవాలి. అంటే కథ నడిపేది పెద్దవాళ్ళే. పైగా ఎనిమిదేళ్ళ పిల్ల కథని పదేళ్ళవాళ్ళు ముట్టుకోరు. మా అక్క కొడుకు ఐదో క్లాసు. వాడికో పుస్తకం ఇస్తే రెండు పేజీలు తిప్పి, "మావయ్యా, వీడు థర్డ్ క్లాసే కదా!" అని పక్కన పడేశాడు. పిల్లలు తమకంటే ఒకటి రెండేళ్ళు పెద్దవాళ్ళ గురించి చదవాలనుకుంటారు, చిన్నవాళ్ళ గురించి కాదు. ఇంగ్లీషు పబ్లిషర్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళవాళ్ళు చదివే పుస్తకాల్ని వాళ్ళు మిడిల్ గ్రేడ్ అంటారు. వాటిల్లో హీరోకి చాలావరకు పదకొండో పన్నెండో ఉంటాయి. 1997లో వచ్చిన మొదటి పుస్తకంలో హారీ పోటర్‌కి పదకొండు నిండుతాయి. 2007లో వచ్చిన ఏడో పుస్తకంలో పదిహేడు. చదివేవాళ్ళతో పాటే వాడూ పెరిగాడు.

అన్నట్టు, మన సాహిత్యంలో పిల్లలు లేరని కాదు. బుడుగు ఉన్నాడు. నామిని సినబ్బ ఉన్నాడు. ఖదీర్‌బాబు దర్గామిట్ట కుర్రాడు ఉన్నాడు. ముగ్గురూ నాకు ప్రాణమే. కానీ వాళ్ళని చదివి మురిసిపోయేది ఎక్కువగా ఎవరు? మనం! బుడుగు నోటితో రమణగారు ఆటపట్టించింది పెద్దవాళ్ళ లోకాన్ని. మిగతా ఇద్దరి కథలూ చదువుతుంటే మనకి మన చిన్నతనం గుర్తొస్తుంది. పదేళ్ళవాడికి గుర్తుచేసుకోవడానికి చిన్నతనం ఎక్కడిది? వాడికి కావాల్సింది ముందు జరగబోయేది.

రెండో అంకె పదహారు. పదహారేళ్ళ పిల్ల ఫోన్‌తో ఫోటోలు తీయగలదు, తహసీల్దారుకి అర్జీ రాయగలదు, అవసరమైతే సర్పంచ్‌ని నిలదీయగలదు. అంతా బాగానే ఉంది, ఒక్కటే చిక్కు. పిల్ల ఊళ్ళో ఉండదు! ఇంటర్ కదా, ఎక్కడో సిటీలో హాస్టల్లో ఉంటుంది. దసరాకి ఇంటికొచ్చి వెళ్తుంది, మళ్ళీ సంక్రాంతికొస్తుంది. ఈలోపు చెరువు పూడిపోతుంది.

ఇక మిగిలింది పన్నెండు. ఏడో క్లాసు. సైకిల్ మీద ఊరంతా తిరుగుతుంది. పన్నెండు నిండితే రైల్లో ఫుల్ టికెట్ కొనాల్సిందే, ఇంట్లో మాత్రం "చిన్నపిల్లవి, నీకెందుకే" అంటారు. కథకి ఇదే అసలు బలం. చిన్నపిల్లే కదా అని పెద్దవాళ్ళు ఆమె ముందే అన్నీ మాట్లాడేసుకుంటారు. ఆమెకి అన్నీ తెలుస్తాయి, కానీ ఆమె మాట ఎవరూ వినరు. వినేలా చెయ్యడానికి ఏం చేస్తుందన్నదే కథ.

ఇక్కడ ఇంకో సంగతి. ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వచ్చింది. అందులో స్వామికి పదేళ్ళు. ఇంట్లోంచి పారిపోయి అడవిలో దారి తప్పేదాకా వెళ్తాడు. ఈ కాలం పదేళ్ళవాడు స్కూల్ వ్యాన్ ఎక్కుతాడు, దిగుతాడు, అంతే. అటు చూస్తే ఎనిమిదో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. అంటే మన పిల్లలు తమంతట తాము ఓ పని చేయగలిగే వయసు ఒకవైపు ఆలస్యంగా మొదలవుతోంది, ఇంకోవైపు తొందరగా అయిపోతోంది. మధ్యలో మిగిలేది మహా అయితే రెండేళ్ళు. నా హీరోయిన్‌కి పన్నెండేళ్ళు పెట్టింది నేనే అయినా, నిజానికి అంతకుమించి ఛాయిస్ లేదు.

అయినా ఆ పదహారు నన్ను వదలట్లేదు. మనలో చాలామందిమి ఆ హాస్టళ్ళలోంచి వచ్చినవాళ్ళమే. తెల్లవారుజామున స్టడీ అవర్, వీక్లీ టెస్టులు, గోడమీద అంటించిన ర్యాంకులు, ఇంటికి ఫోన్ చెయ్యడానికి క్యూ... ఇవన్నీ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్దిరోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక నవల ఉండుంటే వాళ్ళు బతికేవాళ్ళని అనేంత అమాయకుణ్ణి కాదు. కానీ ఆ వయసు పిల్లకి, తనలాంటి పిల్ల ఫెయిలయ్యి, ఏడ్చి, మర్నాడు లేచి ఇడ్లీ తిన్న కథ ఒక్కటైనా అందుబాటులో ఉండాలా వద్దా? అమెరికాలో ఆ వయసువాళ్ళకి యంగ్ అడల్ట్ అని షాపుల్లో వేరే అరలే ఉంటాయి. 2008లో వచ్చిన 'హంగర్ గేమ్స్'లో కాట్నిస్‌కి పదహారేళ్ళే. మన పదహారేళ్ళవాళ్ళ ట్రంకు పెట్టెలో ఉండేది మెటీరియల్, క్వశ్చన్ బ్యాంకులు.

అందుకే ఈ నవలకి పన్నెండే ఉంచి, రెండోదానికి పదహారు అని ఇప్పుడే రాసిపెట్టుకున్నాను. ఊళ్ళో లేకపోవడాన్నే కథ చెయ్యాలి. చెరువు సంగతి హాస్టల్లో ఉన్న పిల్లకి ఫోన్‌లో ఎంత తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళు ఎంత దాస్తారు, అక్కడినుంచి ఆమె ఏం చెయ్యగలదు... అయితే మన హాస్టల్ రోజుల్ని బట్టి రాస్తే అది మళ్ళీ మన కథే అవుతుంది. ఇప్పటివాళ్ళని అడగాలి. మీ ఇంట్లోనో చుట్టాల్లోనో అలాంటి పిల్లలుంటే ఈసారి సెలవులకొచ్చినప్పుడు ర్యాంకు సంగతి పక్కనపెట్టి, రాత్రి లైట్లు తీసేశాక మీ రూమ్‌లో ఏం మాట్లాడుకుంటారని అడిగి చూడండి. నేనూ అదే అడగబోతున్నా.