ఇంటిలో స్నూకరు

స్నూకరను ఆట 1875వ సంవత్సరమున జబల్పూరులో ఆంగ్ల సైనికాధికారుల నడుమ పుట్టినదని చెప్పుదురు. పుట్టినది మన దేశముననే యైనను, ఆ బల్లచెంతకు స్త్రీలు చేరుటకు బహుకాలము పట్టినది. 12 అడుగుల బల్ల సామాన్యగృహములలో పట్టదు గదా! కావున తోడికోడండ్రమైన మే మిరువురమును 6 అడుగుల బల్లపై, 15 ఎఱ్ఱబంతులకు మాఱుగా పదింటితో అభ్యసించుచున్నారము.

ఎఱ్ఱబంతికి 1, నల్లబంతికి 7 పాయింటులు. బంతులను సంచులలో పడగొట్టుటయే ఆటయని చూచువారికి తోచును. నిజమైన నేర్పు తెల్లబంతిని నిలుపుటయం దున్నది. పడగొట్టుటకు వీలులేనపుడు దానిని వేఱొక బంతిచాటున నిలిపి ఎదుటివారి దారి మూయవలెను. కొట్టవలసిన బంతిని వారు తాకలేకపోయినచో కనీసము 4 పాయింటులు మనకు వచ్చును. చిన్నబల్లపై బంతులు దగ్గఱగా నుండుటచే చాటు సులభముగా దొరకును. మెల్లగా కొట్టుటయు అలవడును.

ఓర్పు మనకు క్రొత్త గాదు. కాని అది యెల్లప్పుడును ఇతరులకొఱకే వెచ్చమగుచుండును. ఇచ్చట దానిని మా గెలుపునకై వినియోగించుచున్నారము. వంటయిల్లు సర్దిన పిదప ఆ గంటసేపు మమ్ము పిలువరాదని ఇంటివారికిని తెలిసినది. సోదరీమణులారా! బల్ల యెంత చిన్నదైనను, అట్టి గంట యొకటి మీకును ఉండవలెను.