ఒక బహుమతి – ఒక లెన్సు

సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం మిత్రులు నెల రోజులుగా వెంటపడుతున్నారు. కవిత్వం నాకు చేతకాదు. కథ రాస్తే మీరు ఊరుకోరు. కనుక పోయిన సంవత్సరం ఫొటో పోటీలో నాకొచ్చిన బహుమతి గురించీ, దాంతో కొన్న లెన్సు గురించీ రాస్తున్నాను. గొప్పలు చెప్పుకుంటున్నాడని నవ్వకండి, చివరిదాకా చదవండి.

మాది వెల్గటూర్ దగ్గర పల్లె. 2016లో జగిత్యాల జిల్లా అయ్యేదాకా మేమంతా కరీంనగర్ జిల్లా వాళ్ళమే. పక్కనే కోటిలింగాల, పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు. శాతవాహన రాజు సిముకుని నాణేలు అక్కడ దొరికాయని చరిత్ర విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టులో ఇరవై టీఎంసీల నీళ్ళు నిలిచాక ఆ ప్రాంతం రూపే మారింది. కొన్ని ఊళ్ళు నీళ్ళలోకి పోయాయి, జనం మెరక మీదికి జరిగారు. మా మూడెకరాల చెలక కూడా ఇప్పుడు గోదావరి అడుగున ఉంది.

మాఘమాసంలో ఒక తెల్లవారుజామున ఆ నీళ్ళనే ఫొటో తీశాను. పొగమంచు, ఒక తెప్ప, మిగతాదంతా ఖాళీ. సెకండ్ హ్యాండు నికాన్, దాంతోపాటే వచ్చిన 18-55 లెన్సు, ఎఫ్/16. మొదటి బహుమతి, పదివేల రూపాయలు! ఆ ఖాళీలోని ప్రశాంతతే బొమ్మకు ప్రాణమని న్యాయనిర్ణేత మెచ్చుకున్నారు. ఇక హాస్టల్లో చర్చలే చర్చలు. ల్యాండ్‌స్కేపంటే వైడ్ యాంగిలేనని అందరి తీర్పు. 10-20 లెన్సు కొనాలని నేనూ నిశ్చయించుకున్నాను.

ప్రింటు ఇంటికి తీసుకుపోతే బాపు తువ్వాలతో చేతులు తుడుచుకొని పట్టుకున్నాడు. చాలాసేపు చూసి,

"మంచిగనే ఉన్నది గని, మన చింతచెట్టు ఏదిరా?" అన్నాడు.

"అది నీళ్ళల్ల పోయింది గద బాపూ!"

"నాకు ఎర్క లేదా? మోడు ఉన్నది. నీళ్ళు జర తగ్గితే తేల్తది. మాఘంల తేలే ఉండె."

రాత్రి అసలు ఫైలు తెరిచి చూశాను. కుడి అంచున ఆవగింజంత నల్లటి చుక్క. గుర్తొచ్చింది! ఎఫ్/16 లాంటి చిన్న ద్వారంతో తీస్తే సెన్సరు మీది దుమ్ము మచ్చలుగా పడుతుంది. అదీ దుమ్మేననుకొని పోటీకి పంపేముందు నేనే చెరిపేశాను. దుమ్ము మచ్చలు తుడవవచ్చని నియమాల్లో ఉంది. చెట్టును తుడవవచ్చని లేదు. న్యాయనిర్ణేతకు ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. ఈ సంచిక ఆయనకు అందుతుందనే అనుకుంటున్నాను.

కోఠిలో దుకాణానికి వెళ్ళి 10-20 బిగించి వీధిలోకి చూశాను. ఎదుటి అరుగు ఇంత పెద్దదైంది, వీధి చివరి మనిషి చీమంతయ్యాడు. వైడ్ యాంగిల్ గుణమే అంత, అందులో దాని తప్పేమీ లేదు. కానీ ఆవగింజంత మోడు దాంట్లో నలుసు కూడా కాదు. పక్కనున్న 70-300 అడిగాను. నా కెమెరా సెన్సరు చిన్నది కనుక 300 కాస్తా 450 చూపు చూస్తుంది.

"ల్యాండ్‌స్కేపుకు ఇదెందుకు తమ్మీ?" అన్నాడు దుకాణదారు. జవాబు చెబుతూ కూర్చుంటే బస్సు తప్పిపోతుందని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. పాతదే అయినా బహుమతి సొమ్ము చాలక బాపు ఇచ్చిన మూడు వేలు కూడా అందులోనే పోయాయి.

ఈ వేసవిలో ఇద్దరం ఒడ్డుకు వెళ్ళాం. ఎండ ముదిరితే నీటి మీది గాలి ఆవిరిలా ఊగుతుంది, పెద్ద లెన్సు ఆ ఊగును కూడా పెద్దది చేస్తుంది. అందుకే ఆరింటికల్లా అక్కడున్నాం. ట్రైపాడ్ లేదు. రాయి మీద సంచీ, సంచీ మీద కెమెరా పెట్టి, ఊపిరి బిగబట్టి నాలుగైదు తీశాను. మోడు మీద నీటికాకి రెక్కలారబెట్టుకుంటోంది.

"ఏదీ, నన్ను చూడనియ్యి" అని బాపు మోకాళ్ళ మీద కూర్చొని కన్ను ఆనించాడు. కాసేపు మాట లేదు.

"బాయి గోడ గుడ కనబడ్తదారా?" అన్నాడు. నేను బదులిచ్చేలోగానే కెమెరాను తనే మెల్లగా ఎడమకు తిప్పసాగాడు.