పనికి యతిస్థానం

యతి అనే మాటకు విరామమని అర్థం. సంస్కృత ఛందస్సులో అది నిజంగా విరామమే. అక్కడ పదం విరగాలి. మన తెలుగు కవులు దానిని అక్షరమైత్రిగా మలచుకొన్నారు. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వది, శార్దూలంలో 13వది, మత్తేభంలో 14వది యతిస్థానం. అక్కడికి వాక్యం ముగియనక్కరలేదు, భావం పూర్తి కానక్కరలేదు. పాదం మొదటి అక్షరానికి మైత్రి కుదిరితే చాలు, పద్యం ముందుకు సాగుతుంది. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పిన నాకు, మనం చేసే ఉద్యోగానికి కూడ ఇటువంటి స్థానం ఒకటి కావాలని తోస్తూ ఉంటుంది.

తెలుగు పండితుని కన్ను దోషాలు వెదకడానికే అలవాటు పడిన కన్ను. శుభలేఖ చేతికి వస్తే వధూవరుల పేర్లకంటె ముందు అచ్చుతప్పు కనబడుతుంది. ఇక 60 మంది ఉన్న తరగతిలో వ్యాసరచన పుస్తకాలంటే, తలకు రెండు పుటలైనా 120 పుటలు. వాటిని సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చుకొనేవాడిని. దిద్దడం ముగిసినా, ఏ ళకారమో ఏ ఒత్తో కంటపడకుండా జారిపోయిందేమోనన్న శంక పడకమీదికి కూడ వెంట వచ్చేది. "బడికి తాళం వేశారు గానీ, మీరు మాత్రం లోపలే ఉండిపోయారండీ" అంటూ ఉండేది మా శ్రీమతి.

విచిత్రమేమంటే, పదవ తరగతి జవాబుపత్రాల స్పాట్ వాల్యుయేషనుకు వెళ్ళిన రోజులలో ఈ బాధ ఉండేది కాదు. అక్కడ బాధ్యత ఇంకా ఎక్కువ. ఒక్క మార్కు ఒక పిల్లవాని దారిని మార్చవచ్చు. అయినా సాయంత్రం కట్టలు అప్పగించి, సంతకం చేసి బయటికి వస్తే నిద్ర హాయిగా పట్టేది. జవాబుపత్రం గడప దాటి ఇంటికి రావడానికి వీలులేదు. మొత్తాలు సరిచూడడానికి మరొకరు ఉంటారు. రేపటి కట్ట రేపే వస్తుంది. పనికి హద్దు ఏర్పడగానే మనసుకూ హద్దు దొరికేది.

దీనికి శాస్త్రం కూడ కొంత సాక్ష్యం పలుకుతున్నది. మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2011లో ఒక పరిశోధన ప్రకటించారు. పూర్తికాని పని మనసును తొలుస్తూ ఉంటుందనీ, దానిని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకొంటే, పని ఇంకా మిగిలి ఉన్నా ఆ తొలుపు తగ్గుతుందనీ దాని సారాంశం. మనసు కోరేది ముగింపును కాదు, ఒక ఏర్పాటును.

మన వాఙ్మయమే చూడండి. నన్నయ భారతం అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం మొదలు పదునైదు పర్వాలు రచించాడు. 14వ శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. ఆగిన చోటు తెలిసి ఉండడం వల్లనే కదా, ఆయన అక్కడినుండి అందుకోగలిగాడు! ఆది కవి గ్రంథమే మరొకరి చేతిమీదుగా పూర్తి అయినప్పుడు, మన దస్త్రమో పట్టికో రాత్రికి రాత్రే నిర్దుష్టం కావాలనడం ఎందుకు?

ఈనాటి పిల్లలకు ఆ సంచి మోయవలసిన అవసరం కూడ లేదు. కార్యాలయం సెల్‌ఫోనులోనే ఇంటికి వస్తుంది. వారికి నేను చెప్పేది ఒక్కటే. లేచే ముందు ఒక కాగితంపై రెండు వాక్యాలు వ్రాయండి: ఈ రోజు ఎక్కడ ఆగాను, రేపు దేనితో మొదలుపెడతాను. ఆ కాగితాన్ని బల్లమీదనే ఉంచి రండి. నిర్దోషంగా చేయాలన్న తపనను వదలుకొమ్మనను. అది లేనివాడు ఏ వృత్తిలోనూ రాణించడు. కాని ఆ తపనకు పగలు చాలు. రాత్రి ఇంటివారిది.