ఒక కట్టా, ఎనిమిది కట్టలా?

ఇండియా నుంచి చుట్టాలొస్తే నయాగరా తీసుకెళ్ళడం మన టొరంటో తెలుగువాళ్ళకి తప్పని మొక్కు. జలపాతం గంటలో అయిపోతుంది. తర్వాత "ఊరికే చూసొద్దాం" అంటూ కసినోకి దారితీసేవాణ్ణి నేనే.

గుంటూరులో సంక్రాంతికి రమ్మీ ఆడి పెరిగినవాణ్ణి. ఎవరు ఏ ముక్క పారేశారో, ఏది ఎత్తారో గుర్తుపెట్టుకోవడంలో మా వీధిలో నాకో పేరు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో తీర్పిచ్చింది మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే కదా! ఆ ధీమాతో బ్లాక్‌జాక్ బల్ల దగ్గర కూర్చున్నాను.

2009లో ఉద్యోగం పోయింది. అప్పుడు సరదా కాస్తా సంపాదన మార్గంలా కనిపించింది. అమ్మ టికెట్టు కోసం దాచిన డబ్బు మూడు శనివారాల్లో హారతి కర్పూరమైపోయింది.

మా ఆవిడ స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ. అరుస్తుందనుకున్నాను. "అక్కడ ఎన్ని కట్టలు కలుపుతారు?" అని మాత్రం అడిగింది. ఎనిమిది అన్నాను. కాగితం తీసింది.

"ఒకే కట్టలో మీకు ఆసు, పది పడ్డాయనుకోండి. మిగిలిన 50 ముక్కల్లో ఆసులు 3, బొమ్మలతో కలిపి పదులు 15. డీలరుకీ బ్లాక్‌జాక్ పడి, మీ పందెం డబ్బు మాత్రమే తిరిగొచ్చే అవకాశం 3.7 శాతం. ఎనిమిది కట్టలంటే 416 ముక్కలు. మీవి రెండు పోతే సముద్రంలో చెంబుడు నీళ్ళు తోడినట్టే. అది 4.6 శాతం అవుతుంది."

అసలు మనకి బ్లాక్‌జాక్ పడే అవకాశమూ 4.83 నుంచి 4.75కి తగ్గుతుందట. అన్నీ కలిపితే, మిగతా నియమాలు మారకపోతే, ఎనిమిది కట్టల వల్ల కసినోకి సుమారు అర శాతం ఎక్కువ లాభం. "ఇంతేనా!" అన్నాను. "మీరు ముక్కలు గుర్తుపెట్టుకుంటారుగా, దెబ్బ దానికి" అంది. ముక్కలు లెక్కపెట్టి గెలవచ్చని ఎడ్వర్డ్ థార్ప్ 1962లో పుస్తకం రాశాక, కసినోలు కట్టలు పెంచుకుంటూ పోయాయి. ఇప్పుడు పడిన ముక్కల లెక్కని మిగిలిన కట్టల సంఖ్యతో భాగించుకోవాలి. రమ్మీలో నేనెప్పుడూ భాగహారం చెయ్యలేదు.

ఒకే కట్ట బల్ల వెతుక్కుందామని నాకింకా ఆశ. దానికీ మెలిక ఉంది. అలాంటి చాలా బల్లల మీద బ్లాక్‌జాక్ పడితే 10 డాలర్లకి 15 ఇవ్వాల్సిన చోట 12 చేతిలో పెడతారు. దాంతో దాదాపు 1.4 శాతం పోతుంది. మిగిలేది అర, పోయేది దానికి రెట్టింపు పైన.

అమ్మ 2011లో వచ్చింది. జలపాతం చూసి మురిసిపోయి, వెనక్కి తిరిగి, "ఆ పెద్ద మేడేమిట్రా?" అంది.

మా ఆవిడ నా వంక చూసింది.

"హోటలమ్మా" అన్నాను.