ఎవరి గింజలు?

ప్రొఫెషనల్ ఎథిక్స్ సబ్జెక్టు అంటే పరీక్ష ముందు రోజు చదివేదని మా అందరి నమ్మకం. కానీ అందులో అరిస్టాటిల్ మాట ఒకటి నన్ను పట్టుకుంది. ధైర్యం, నిగ్రహం లాంటి మంచి గుణాలు మన సొంత విషయాల్లో చూపించేవాళ్ళు చాలామంది ఉంటారట. వాటినే ఎదుటివాళ్ళ పట్ల చూపించడం కష్టం. అలా చూపిస్తే అదే న్యాయం. అందుకే గుణాలన్నిట్లో న్యాయం ఒక్కటే 'పరుల మేలు' అంటాడు ఆయన, 'నికొమాకియన్ ఎథిక్స్' అయిదో భాగంలో. తమాషా ఏంటంటే, అంతకు ముందే ప్లేటో 'రిపబ్లిక్'లో త్రాసిమాకస్ అనే ఆయన ఇదే మాటను ఎగతాళిగా అంటాడు. న్యాయంగా ఉంటే లాభం ఎదుటోనికి, నష్టం నీకు అని. అరిస్టాటిల్ ఆ ఎగతాళినే మెచ్చుకోలుగా మార్చాడు.

ఇది చదువుతుంటే నాకు గ్రీసు కాదు, పాలకుర్తి గుర్తొచ్చింది. 2016లో జిల్లాలు వేరయినయి గానీ మా తొర్రూరుకు అది పక్క ఊరు లెక్కే. అక్కడ చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పంట పండిస్తే, విసునూరు దేశ్‌ముఖ్ దాన్ని కోసుకురమ్మని మనుషుల్ని పంపాడు. సంఘం వాళ్ళు కర్రలు పట్టుకుని వాళ్ళను తరిమి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. అందులో ఒక్క గింజ వాళ్ళది కాదు. పరుల మేలు అంటే ఇంతకన్నా ఏం చెప్పాలి?

అయితే అరిస్టాటిల్‌తో నాకో పేచీ ఉంది. యజమానికీ బానిసకూ మధ్య అసలైన న్యాయం ఉండదట. మనదైన వస్తువు మనలో భాగమే కదా, దానికి అన్యాయం ఎట్ల చేస్తాం అని ఆయన వాదన. వెట్టి చేయించుకున్న దొరలు ఆయన్ని చదివి ఉండరు గానీ లెక్క మాత్రం అదే. వాళ్ళకు ఐలమ్మ 'పరాయి' మనిషి కాదు, తమ కింది మనిషి. పరులే లేనిచోట పరుల మేలు ఎక్కడిది?

మా ఇంట్లో ఈ గొడవ 2018లో వచ్చింది. రైతుబంధు మొదలైన ఏడు అది, పంటకు ఎకరానికి 4,000. మా రెండెకరాలు కౌలుకిచ్చాం. పైసలు మాత్రం పట్టా ఉన్న నాన్న పేరు మీద 8,000 వచ్చినయి. కౌలుదారుకు ఆ పథకం వర్తించేది కాదు.

"సర్కారే మనకిచ్చింది, మనం గుంజుకున్నమా?" అన్నాడు నాన్న.

"దున్నింది ఎవలురా?" అంది నానమ్మ.

చట్టం ప్రకారం నాన్నదే కరెక్టు. చట్టం అందరికీ కలిపి రాస్తారు కాబట్టి ఒక్కోచోట సరిపోదు, అక్కడ మనిషే సరిదిద్దాలి అని కూడా అరిస్టాటిలే అన్నాడు. నానమ్మ ఆయన పేరు కూడా విననిది.

ఆ కారు కౌలులో నాన్న 4,000 తగ్గించాడు. మిగతా నాలుగు వేల మాట ఎత్తితే మాత్రం ఇప్పటికీ టీవీ సౌండు పెంచుతాడు.