పెద్ద పండగకల్లా

జూన్ 9
బెజవాడలో ఆసుపత్రి ఉద్యోగం వదిలేశాను. చేతుల విభాగం. తెగిన స్నాయువులు, అతికిన వేళ్ళు. వారాల తరబడి స్ప్లింట్, తర్వాత ఇంటికి. ఇంటికెళ్ళాక ఆ చెయ్యి ఏం చేస్తోందో చూడాలని ఎప్పట్నుంచో ఉంది.

జూన్ 11
రోగికి లక్ష్యం రాసేటప్పుడు అన్నీ ఉండాలి: ఎవరు, ఏ పని, ఎక్కడ, ఎంత సాయంతో, ఎప్పటికి. ‘చెయ్యి బాగుపడాలి’ అంటే చాలదు. ‘ఇంట్లో, కుడిచేత్తో, ఎవరూ పట్టుకోకుండా, నెలలోపు పప్పన్నం కలుపుకుని తినాలి.’ ఇలా.
నాకు నేను రాసుకున్నది: పామర్రు నుంచి బస్సు వెళ్ళే ఊళ్ళలో, ఇళ్ళకే వెళ్ళి వైద్యం చేస్తూ, పెద్ద పండగకల్లా ఆ సంపాదనతో ఇల్లు నడపాలి.
అమ్మ చదివింది. “ఎంత సాయంతో అన్నది రాయలేదేం?”
‘అమ్మ సాయంతో’ అని చేర్చాను.

జూన్ 17
1968లో కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు అమెరికాలో ఇలాంటి లక్ష్యాలకి ఒక కొలత తయారుచేశారు. మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా ఐదు మెట్లు. అనుకున్నంత జరిగితే సున్నా. సున్నా అంటే గెలిచినట్టే. అందుకే ఆ కొలతంటే నాకు ఇష్టం.
నా మైనస్ రెండు: మళ్ళీ బెజవాడ. ప్లస్ రెండు: పామర్రు సెంటర్లో ఒక గది. అందులో గ్యాస్ పొయ్యి, బోరింగు పంపు, బస్సు మెట్టంత ఎత్తు మెట్టు. ఇవే పరికరాలు.

జూన్ 20
పక్కింటి పిన్ని. “ఆసుపత్రి మానేశావటగా. కొత్త కోర్సేమైనా చదువుతున్నావా?”
“పని అదే పిన్నీ. చోటు మారింది.”
“ఫిజియోనేగా?”
“కాదు పిన్నీ, ఆక్యుపేషనల్ థెరపీ.” కాసేపు చెప్పాను. ఓపిగ్గా విన్నది.
“మా మావగారు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. అదీ మీ లెక్కలోకే వస్తుందా?”
వస్తుంది. అదే వస్తుంది.

జులై 1
పింఛను రోజు. తెల్లారకముందే సచివాలయం అబ్బాయి పిన్ని వాళ్ళింటికి వచ్చాడు. 6,000. వేలిముద్ర పడాలి. తాతగారి ఎడమ వేళ్ళ గీతలు చేలో అరిగిపోయాయి, మిషను తీసుకోదు. కుడిది పక్షవాతం చెయ్యి, పిడికిలి బిగిసిపోయింది. ఇద్దరు పట్టుకుని వేళ్ళు లాగుతున్నారు. ఆయన పళ్ళు కొరుక్కుంటున్నారు.
వేళ్ళు లాగకూడదు. మణికట్టు లోపలికి వంచాలి. వేళ్ళను ముడిచే స్నాయువులు వదులై పిడికిలి తనంతట తెరుచుకుంటుంది. బొటనవేలు మెల్లగా మిషను మీదికి.
మామ్మగారు నా చేతులకేసే చూస్తున్నారు.

ఆగస్టు 1
ఈసారి మామ్మగారే తెరిపించారు. నన్ను పిలవలేదు.

ఆగస్టు 13
పెడన. కలంకారీ అచ్చులు వేసే ఆయనకు మణికట్టు నొప్పి. అచ్చు పెట్టి, పైన చేత్తో గుద్దాలి. రోజంతా అదే. బల్ల ఆయనకి ఎత్తు. దాని కాళ్ళు కోయిద్దామన్నాను. బల్ల వాళ్ళ నాన్నది, కోయనన్నారు. ఆయన కాళ్ళ కింద చెక్క వేశాం. గుద్దు మోచేతి నుంచి కాక భుజం నుంచి దిగుతోంది.
బెజవాడలో నేర్చుకున్నది ఇక్కడ బతికే ఉంది.

సెప్టెంబరు 4
ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం. పిల్లల పని నాకు తక్కువ తెలుసు. నేర్చుకోవాలి, అది రెండో లక్ష్యం. సికింద్రాబాదులో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, 1984 నాటిది. అక్కడి కోర్సుల సంగతి కనుక్కోవాలి.
ఒకమ్మాయి, కొడుకుని ఎత్తుకుని. సెరిబ్రల్ పాల్సీ. సదరం క్యాంపుకి తీసుకెళ్ళాలి. వైకల్యం నలభై శాతం అని రాసిస్తేనే పింఛను.
“శాతం కాగితం మీద పెరగాలి, వీడిలో తగ్గాలి. దేవుడికి ఏమని మొక్కను మేడం?”

సెప్టెంబరు 22
కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి మన దేశం కోడలైన మనిషి. నడివయసులో ఈ చదువు చదివి, 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ బడి పెట్టారు. ఆసియాలో అదే మొదటిది. 1952లో దేశమంతటికీ సంఘం. నడివయసు. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

అక్టోబరు 10
ఇల్లు నడుస్తోందా అని అమ్మని అడిగాను. “నడుస్తోంది. చెయ్యి పట్టుకుని.”
మైనస్ ఒకటి.

నవంబరు 19
చల్లపల్లి, పులిగడ్డ, అవనిగడ్డ, కోడూరు. దివిసీమలో ఈ తేదీ ఎవరికీ చెప్పక్కర్లేదు. 1977 ఉప్పెన.
పక్షవాతం వచ్చిన పెద్దావిడ. మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: మీరు చేసుకోవాలనుకునే పని ఏది? స్నానం, వంట, గుడి అంటారు.
“తుఫాను షెల్టరు మెట్లెక్కాలి.”
ఉప్పెన నాటికి ఆవిడ కొత్త కోడలు. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.
కెనడా వాళ్ళ ఫారం ప్రకారం తర్వాతి ప్రశ్న: ఈ పని మీకెంత ముఖ్యం, ఒకటి నుంచి పదిలో?
“పదేనా? ఆ పైన లేదా?”
పది వేశాను.
ఎవరు, ఏ పని, ఎక్కడ, అన్నీ రాశాను. ఎంత సాయంతో? రాత్రిపూట, గాలివానలో, కరెంటు లేనప్పుడు పక్కన ఎవరుంటారు? కొడుకు హైదరాబాదులో. ‘ఒక్కరే, కమ్మీ పట్టుకుని’ అని రాశాను. ఎప్పటికి? వచ్చే వానాకాలం లోపు.

నవంబరు 21
చేలో మినుములు చల్లుతున్నారు. వరి ఇంకా కోయలేదు.
షెల్టరు మెట్లకి కుడివైపే కమ్మీ ఉంది. ఆవిడకి పనిచేసేది ఎడమ చెయ్యి. ఎక్కేటప్పుడు ఇబ్బంది, దిగేటప్పుడు కాదు. రెండో వైపూ కమ్మీ పెట్టించమని పంచాయతీకి అర్జీ రాయాలి. తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా అడగాలి.